పదహారో రోజు మరిచిపోయిన పెట్టె

నిద్రపోతున్న పిల్లను లేపి, నిద్రపోతోందా లేదా అని చూసుకునే తల్లిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. మా యాళిని పుట్టి ఏడాదిన్నర. ఈ ఏడాదిన్నరలో అది వరసగా రెండు గంటలు పడుకున్న రోజు లేదు. దానికే జబ్బూ లేదు. నేనే దాని జబ్బు. కళ్లు మూసుకుని కాస్త కదలకుండా ఉందంటే ముక్కు దగ్గర వేలు పెడతాను. వేలికి వెచ్చగా గాలి తగులుతుంది. అయినా మనసు ఒప్పుకోదు. అరికాలు గిల్లుతాను. అది కెవ్వుమంటుంది. నా ప్రాణం కుదుటపడుతుంది, మా అత్త ప్రాణం లేచిపోతుంది.

"దాని ఊపిరి దాన్ని పీల్చుకోనివ్వవే పూంగొడీ! నువ్వు లెక్క చూస్తేనే ఆడుతుందా ఏం?" అంటుంది అత్త.

ఈ గుణం ఇంట్లోనే ఉండిపోతే పోయేది పిల్ల నిద్రే. షెడ్డుదాకా తీసుకెళ్లాను.

షెడ్డు అంటే పల్లడం ఊరు దాటాక తంగవేలు కౌండర్ గారి గుడ్లు పొదిగించే షెడ్డు. నేను తొమ్మిదిలో చదువు మానేశాను కాబట్టి కుర్చీలో కూర్చునే పని ఎవరూ ఇవ్వరు. ఇక్కడ మాత్రం పిలిచి మరీ ఇచ్చారు. కొత్త గుడ్లు పెట్టిన రోజు మొదటి తట్ట చంకలో పిల్ల ఉన్న తల్లి చేత్తోనే పెట్టించాలని కౌండర్ గారి అమ్మ ఎప్పుడో నియమం పెట్టిందట. అంతకుముందు ఆ తట్ట అరుక్కాణి అక్క పెట్టేది. ఆమె చిన్న కొడుక్కి మీసాలొచ్చాయి. ఇంక ఆమె చేతిలో మహిమ అయిపోయిందని పెద్దావిడ తేల్చేసింది. అప్పుడు జనరేటరు చూసుకునే మయిల్సామి అన్న, "ఇక్కడికి దగ్గర్లో వరస ఇళ్లలో ఒక పిల్లతల్లి ఉందమ్మా, భయస్తురాలు, కానీ పని చేస్తుంది," అని నా పేరు చెప్పాడు.

మయిల్సామి అన్నకి యాభై దాటాయి. ఇరవై రెండేళ్లుగా ఆ షెడ్డులోనే ఉన్నాడు. కరెంటు పోతే పరిగెత్తి జనరేటరు తిప్పడం ఆయన పని. పెళ్లీ పెటాకులూ లేవు, జనరేటరు పక్క గదిలోనే కాపురం. పాత తట్టల స్ప్రింగులు రెండు ఏరి మా యాళినికి ఉయ్యాల కట్టిచ్చిందీ ఆయనే. దాన్ని ఒక్కసారి లాగి వదిలితే దానంతటదే పావుగంట ఊగుతుంది.

మా షెడ్డులో ఆరు పెట్టెలున్నాయి. పెట్టె అంటే ఇనప్పెట్టె కాదు, మనిషి నడిచి లోపలికి వెళ్లేంత గది. ఒక్కోదాంట్లో పంతొమ్మిది వేల గుడ్లు పడతాయి. కోడి కింద ఎలా ఉంటుందో అలాగే ఉండాలి అందులో. మొదటి రోజు జ్వరం చూసే లెక్కలో నూరు డిగ్రీల పైన వేడి పెట్టి, రోజురోజుకీ ఆవగింజంత తగ్గించుకుంటూ రావాలి. గంటకోసారి తట్టలు ఈ పక్క నుంచి ఆ పక్కకి వాలాలి. పదిహేను రోజులు దాటాక గుడ్డులో పిల్ల తన వేడి తనే పుట్టించుకుంటుంది. అప్పుడు కూడా మొదటి రోజు వేడే పెడితే పిల్ల కాదు, కూర తయారవుతుంది. పద్దెనిమిదో రోజున వాటిని తీసి, పిల్లలు బయటికొచ్చే పెట్టెలోకి మారుస్తాం.

ఇవన్నీ మునుపు మనుషులే చేసేవారు. తలుపు మీద సుద్దతో రోజు రాసుకుని, వేడి తగ్గించే మర తిప్పేవారు. నేను చేరిన ఏడాదికి కోయంబత్తూరు నుంచి కదిరవన్ అనే కుర్ర ఇంజనీరు వచ్చి మూడో పెట్టెకి అరచెయ్యంత కంప్యూటరు బిగించాడు. అదే రోజులు లెక్కపెట్టుకుంటుంది, అదే వేడి తగ్గిస్తుంది, అదే తట్టలు వాలుస్తుంది. బాగా పనిచేస్తే మిగతా ఐదింటికీ పెట్టిస్తానన్నాడు కౌండర్ గారు.

"కరెంటు పోతే?" అని అడిగాను నేను.

"పోయినా మరిచిపోదమ్మా. లోపల చిప్పు ఉంది, అందులో రాసుకుంటుంది. రాసింది చెరగదు. పదేళ్లు కరెంటు లేకపోయినా ఉంటుంది."

"చూశారా?"

"ఏంటమ్మా చూసేది?"

"పదేళ్లు."

అతనికి అప్పటికి ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. వాళ్ల కంపెనీ పెట్టి మూడేళ్లట. మయిల్సామి అన్న పక్కకి తిరిగి దగ్గాడు. కదిరవన్ చెవులు ఎర్రబడ్డాయి.

"నా టేబుల్ మీద వెయ్యిసార్లు కరెంటు తీసి పెట్టాను. ఒక్కసారీ మరిచిపోలేదు. చాలా?"

చాలు అని తలాడించాను. చాల్లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాళ్లు చెరగదు, చిరగదు, పగలదు అన్నవన్నీ మా ఇంట్లో చెరిగి చిరిగి పగిలే ఉన్నాయి.

మర్నాడు అన్నాలు తిన్నాక అరుక్కాణి అక్క గోనెసంచుల మీద నడుం వాల్చింది. ఆమె ఐదు నిమిషాలని పడుకుంటే గంటన్నర లేవదు. నేను మూడో పెట్టె పక్కనున్న స్విచ్చి పిడి కిందికి దించాను. తెర ఆరిపోయింది. పది లెక్కపెట్టి పైకెత్తాను. తెర కాసేపు గుడ్లప్పగించి, తర్వాత చూపించింది: రోజు 2. నా గుండెలో ఎవరో చల్లనీళ్లు పోసినట్టయింది.

ఆ రోజు నుంచి రోజూ అదే. మధ్యాహ్నం రెండుంబావుకి దించడం, పది లెక్కపెట్టడం, ఎత్తడం. రోజు 5. రోజు 9. రోజు 14. పిల్ల అరికాలు గిల్లినట్టే. తేడా ఒక్కటే, పెట్టె కెవ్వుమనదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

పదహారో రోజున ఎందుకో రెండుంబావుదాకా ఆగలేకపోయాను. రెండు కాగానే పిడి దగ్గరికి వెళ్లాను. సరిగ్గా అప్పుడే లోపల తట్టలు కిర్రుమని వాలుతున్నాయి, తెర మూల పచ్చలైటు టపటపా కొట్టుకుంటోంది. దించేశాను. ఆరుదాకా లెక్కపెట్టానో లేదో నడుం దగ్గర ఫోను మోగింది.

"పూంగొడీ! పిల్ల బొత్తాం మింగిందే!" అంది అత్త.

పిడి ఎత్తేసి పరిగెత్తాను. తెర చూడలేదు. పద్నాలుగు రోజులు చూసినదాన్ని ఆ ఒక్కరోజు చూడలేదు.

బొత్తాం దాని గుప్పిట్లోనే ఉంది. అయినా రెండోది మింగి ఉంటుందేమోనని ఇంట్లో చొక్కాలన్నీ తిరగేసి బొత్తాలు లెక్కపెట్టి, ఒకటి తక్కువొస్తే అది పోయిన దీపావళికే ఊడిపోయిందని అత్త చేత ప్రమాణం చేయించుకుని, పిల్లకి అరటిపండు పెట్టి, నేను షెడ్డుకి తిరిగొచ్చేసరికి మూడున్నర దాటింది.

మూడో పెట్టె ముందు అందరూ ఉన్నారు. తలుపు తెరిచి ఉంది. లోపలి నుంచి పెనం మీద నీళ్లు చల్లినప్పటి ఆవిరి వాసన. తెర మీద: రోజు 1. కౌండర్ గారి గొంతు గేటుదాకా వినబడుతోంది.

"ఎక్కడ చచ్చావురా మయిల్సామీ? కరెంటు పోతే ఏడు నిమిషాలా జనరేటరు తిప్పడానికి?"

జరిగిందేంటంటే, నేనటు వెళ్లిన అరగంటకి ఊరి కరెంటు కూడా పోయింది. అన్న టీ కొట్టులో ఎడ్లపందెం గొడవలో ఉన్నాడు. వచ్చి తిప్పేసరికి ఏడు నిమిషాలు. తర్వాత అరుక్కాణి అక్కకి ఉక్కపోసి మెలకువొచ్చి చూస్తే ఇదీ సంగతి.

"ఏడు నిమిషాలే కదయ్యా," అన్నాడు అన్న. "మునుపు పావుగంట కూడా..."

"మునుపు పెట్టెకి బుర్ర లేదు. ఇప్పుడు ఉంది. నీ డబ్బా జనరేటరు ఆ బుర్రని కొట్టేసింది!" ఫోను స్పీకర్లో కదిరవన్ కూడా అదే అన్నాడు. నా చిప్పు మరిచిపోదు, జనరేటరు కుదుపు వల్లే అయి ఉంటుంది, ఎల్లుండి వచ్చి చూస్తాను అని.

"పద్దెనిమిదో రోజు గుడ్లు లైటు ముందు పెట్టి చూస్తాం," అన్నాడు కౌండర్ గారు. "ఎన్ని చచ్చాయో తేలుతుంది. అప్పుడు నీ మూట కూడా సర్దుకో."

అన్న తుండుగుడ్డతో జనరేటరు తుడవడానికి వెళ్లిపోయాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

నేనే చేశానని అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా. "పిల్లకి బొత్తాం..." అని వచ్చింది. అందరూ నావైపు చూసి, "బాగుందా?" అన్నారు. "బాగుంది," అన్నాను. అంతే.

మర్నాడు రాత్రికి ఇంక దాచుకోలేకపోయాను. అత్తకి చెప్పాను.

"చెబితే నీ పని పోతుంది. చెప్పకపోతే ఆయన పని పోతుంది," అంది అత్త, ఉయ్యాల ఒకసారి లాగి వదిలి. స్ప్రింగులు కుయ్యి కుయ్యిమన్నాయి. "ఈ వయసులో ఆయన్ని ఎవరు పెట్టుకుంటారు? నీకు కాళ్లూ చేతులూ ఉన్నాయి. నోరు కూడా ఉందనుకున్నాను."

పద్దెనిమిదో రోజు పొద్దున గుడ్లు లైటు ముందు పెట్టి చూశాం. పిల్ల కదిలేవి ఒక పక్కకి, కదలనివి ఒక పక్కకి. కదలనివి మూడు వేల చిల్లర. బతికినవాటిని పిల్లల పెట్టెలోకి మార్చాం. మూడో పెట్టె ఖాళీ అయింది. కదిరవన్ ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. కౌండర్ గారు గుమ్మంలో నిలబడి అన్న చేతిలోని తాళాల గుత్తి కోసం చెయ్యి చాపాడు.

అన్న గుత్తి నుంచి తాళాలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. ఒకటి రాక, పంటితో లాగుతున్నాడు. అది చూసి ఇంక ఆగలేకపోయాను.

"జనరేటరు కాదయ్యా. నేను."

"నువ్వేంటి?"

"స్విచ్చి దించింది నేను. రోజూ దించుతున్నాను."

అరుక్కాణి అక్క ముందుకొచ్చి, "రోజూనా? నేనెప్పుడూ చూడలేదే!" అంది.

"మీరు నిద్రపోతారు కదక్కా."

"నేనెప్పుడే నిద్రపోయాను?"

"ఆగవే నువ్వు!" అన్నాడు కౌండర్ గారు. నావైపు తిరిగి, "ఎందుకు దించావు? పెట్టె నిన్నేం చేసింది?"

"గుర్తుందో లేదో చూద్దామని."

ఆ మాట బయటికొచ్చాక గానీ అది ఎంత తెలివితక్కువగా ఉంటుందో నాకే తెలియలేదు. కౌండర్ గారు తల పట్టుకుని, "గుర్తుందో లేదో చూడటానికి నెత్తి మీద కొట్టి చూసిందిరా ఇది!" అని మయిల్సామి అన్నకే చెప్పుకున్నాడు, అంతదాకా ఆయన్నే తిడుతున్న సంగతి మరిచిపోయి.

కదిరవన్ మాత్రం స్టూలు మీంచి లేచాడు. "కుదరదమ్మా. తీసి పెట్టినంత మాత్రాన మరిచిపోదు. నేను వెయ్యిసార్లు..."

"నేనూ పద్నాలుగుసార్లు తీశాను సార్. మరిచిపోలేదు. పదిహేనోసారి తట్టలు వాలుతుంటే తీశాను. లోపల కిర్రుమంది, పచ్చలైటు కొట్టుకుంది. అప్పుడు."

కదిరవన్ ఒక అడుగు ముందుకేశాడు. "వాలుతుండగానా?"

"మీరు టేబుల్ మీద తీసినప్పుడు తట్టలు వాలేవా?"

"టేబుల్ మీద తట్టలెక్కడివమ్మా?" అన్నాడు నెమ్మదిగా. చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

ఖాళీ పెట్టెలో రోజు 16 అని కొట్టాడు. తట్టలు చేత్తో వాల్చే మీట ఒకటి ఉంది, అది నొక్కి, "తీయమ్మా, అప్పుడెలా తీశావో అలాగే," అన్నాడు. కిర్రుమంది. పచ్చలైటు కొట్టుకుంది. దించాను. పది. ఎత్తాను. రోజు 16.

"చూశావా!" అన్నాడు కౌండర్ గారు. "వీణ్ణి కాపాడాలని అబద్ధం చెబుతోంది. విప్పు మయిల్సామీ తాళాలు."

"ఇంకొకసారి," అన్నాను.

రోజు 16. ఇంకొకసారి. రోజు 16. పద్నాలుగు రోజులు గుర్తుండాలని మొక్కుకున్నదాన్ని, ఇప్పుడు మరిచిపో తల్లీ, ఒక్కసారి మరిచిపో అని ఆ పెట్టెనే మొక్కుకున్నాను. ఐదోసారి. ఆరోసారి. కౌండర్ గారు వెళ్లి మజ్జిగ తాగి వచ్చాడు.

ఏడోసారి నేను లైటుని చూడటం మానేసి కళ్లు మూసుకున్నాను. ఆ రోజు చెవిలో పడిన చప్పుడు గుర్తు తెచ్చుకున్నాను. కిర్రు మొదలైనప్పుడు కాదు, ఆగిపోయే ముందు టిక్కుమంటుంది చూడండి, అక్కడ. దించాను. పది. ఎత్తాను.

తెర గుడ్లప్పగించింది. గీతలు, గీతలు. తర్వాత: రోజు 1.

"అమ్మయ్య!" అని అరిచాను. మూడు వేల గుడ్లు చంపినదాన్ని, పండగ చేసుకున్నట్టు అరిచాను.

కదిరవన్ నాకంటే గట్టిగా అరిచాడు. "ఇంకోసారి! ఇంకోసారి అక్కడే తీయమ్మా!" పదిసార్లు తీయించాడు. నాలుగుసార్లు మరిచిపోయింది. అతని మొహం చూస్తే తప్పు బయటపడినవాడిలా లేదు, పోయిన మేక దొరికినవాడిలా ఉంది. నిజానికి ఈ జబ్బు ఇంకో రెండు షెడ్లలో కూడా ఒకటి రెండుసార్లు వచ్చిందట. వెళ్లి చూస్తే ఏమీ ఉండేది కాదట. అక్కడ కూడా జనరేటరు మీదే తోసేసి వచ్చాడట. ఆ మాట నోరు జారాక కౌండర్ గారు అతనివైపు చూసిన చూపు నేను వర్ణించను.

"మరి చెరగదన్నావు?" అన్నాడు మయిల్సామి అన్న. ఆ రోజు ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

కదిరవన్ చెప్పాడు. "రాసింది చెరగదన్నా. కానీ కొత్తది రాయాలంటే ముందు పాతది తుడవాలి. పలక లాగా. తట్ట వాలిన ప్రతిసారీ, పాత రోజు తుడిచి కొత్తది రాస్తుంది. తుడిచాక, రాయకముందు పలక లాక్కుంటే..."

"ఖాళీ పలక," అన్నాను.

"ఖాళీ పలక. ఏమీ లేకపోతే ఒకటి నుంచి మొదలెట్టమని నేనే చెప్పాను దానికి." తల దించుకున్నాడు. "కనురెప్ప వేసేంత సేపు కూడా ఉండదు ఆ సందు. ఎవరూ పట్టుకోలేరనుకున్నాను."

"నీకు ఒక్క పలకే దొరికిందా బాబూ ఊళ్లో?" అంది అరుక్కాణి అక్క. "రెండు పెట్టుకుంటే పోయేదిగా? ఒకదాని మీద రాశాకే రెండోది తుడిస్తే సరి."

కదిరవన్ ఆమెవైపు చాలాసేపు చూశాడు. చదువుకున్నవాళ్లు అలా చూస్తే అక్కకి భయం. "నేనేమైనా తప్పన్నానా?" అంది నా చెవిలో.

అన్న తాళాలు ఒక్కొక్కటే మళ్లీ గుత్తికి ఎక్కించుకున్నాడు. పంటితో లాగినదాన్ని ఎక్కించడానికి ఇంకా కష్టపడ్డాడు. అది అయ్యాక నా దగ్గరికొచ్చాడు. మెచ్చుకుంటాడనుకున్నాను.

"మొన్న చెప్పలేకపోయావా? రెండు రోజులు నన్ను ఉడకబెట్టి ఇవాళ దించుతావా? ఆ గుడ్లు నయం, గంటన్నరలో పోయాయి."

"భయమేసిందన్నా."

"నీకు భయం వెయ్యనిదేదో చెప్పు, అది రాసుకుంటాను." వెళ్లిపోయాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఉయ్యాల స్ప్రింగుకి నూనె వెయ్యడానికి మాత్రం వచ్చాడు, నేను లేనప్పుడు చూసి.

నన్ను కౌండర్ గారు పనిలోంచి తీసెయ్యలేదు. తీసెయ్యబోతే పెద్దావిడ, మొదటి తట్టకి చంకన పిల్ల ఉన్న తల్లిని మళ్లీ ఎక్కడ వెతుకుతావని అడ్డుపడింది. కానీ పెట్టెల గదిలోకి అడుగు పెట్టనివ్వలేదు. తట్టలు కడిగే తొట్టి దగ్గర వేశాడు. గుడ్లు పెట్టే రోజు మాత్రం గుమ్మందాకా పిలిచి, చేతికి తట్ట ఇచ్చి, అది లోపల పెట్టగానే, "చాలు, ఇంక చేతులు వెనక్కి కట్టుకో," అనేవాడు.

నెలన్నరకి కదిరవన్ కొత్తది పట్టుకొచ్చాడు. రెండు పలకలు పెట్టాడట. పైగా కరెంటు పోయినా రాస్తున్న మాట పూర్తి చేసేంత ఊపిరి దాంట్లో దాచాడట. కౌండర్ గారు బిగించమన్నాడు.

"ఆ అమ్మ వచ్చి తీసి చూడందే బిగించను," అన్నాడు కదిరవన్.

"దాన్నా? దాన్ని ఆ పిడి దగ్గరికా?"

"నా టేబుల్ మీద ఐదు వేలసార్లు తీశానయ్యా, తట్టలు కట్టి మరీ. కానీ ఆమె చెవి నాకు లేదు."

తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్లాను. ఖాళీ పెట్టె, రోజు 16. కళ్లు మూసుకుని, టిక్కుమన్నప్పుడు దించాను. రోజు 16. నలభైసార్లు దించాను. ఆ టిక్కుకి వెంట్రుక ముందు, వెంట్రుక వెనక, లోపల, ఎక్కడ దించినా రోజు 16. నలభై ఒకటోసారికి చెయ్యి చాపితే మయిల్సామి అన్న పిడి మీద తన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గుర్తుంది," అన్నాడు. "దానికి గుర్తుంది. నీకే గుర్తుండటం లేదు."

ఆ పిడికి తాళం వేసి, తాళంచెవి తన గుత్తికి తగిలించుకున్నాడు. కౌండర్ గారు చెప్పకముందే. మర్నాటి నుంచి నేను మళ్లీ పెట్టెల గదిలోకి వచ్చాను. రెండుంబావు అయ్యేసరికి నా కాళ్లు వాటంతటవే మూడో పెట్టె దగ్గరికి పోయేవి. అన్న గుమ్మంలో నిలబడి, గుత్తి ఒకసారి గలగలమనిపించేవాడు. నేను తెర చూసేదాన్ని, తాళం చూసేదాన్ని, పది లెక్కపెట్టుకుని వెనక్కి వచ్చేసేదాన్ని.

పిడికి తాళం పడ్డ సాయంత్రం ఇంటికి వెళ్తే యాళిని ఉయ్యాల్లో నిద్రపోతోంది. నూనె వేసిన స్ప్రింగు చప్పుడు లేకుండా ఊగుతోంది. అత్త బియ్యం ఏరుతూ నా వేలివైపే చూస్తోంది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. పిల్ల పొట్ట పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. పది లెక్కపెడదామనుకున్నాను.

ఏడుదాకా ఆగాను. ఎనిమిదోదానికి అరికాలు గిల్లాను. కెవ్వుమంది.

"మయిల్సామిని పిలుస్తాను, దీనికీ తాళం వేస్తాడు," అంది అత్త.